బెథెస్డా ఫౌంటెనుకడ నొక ఫోటో

మొన్నటి వేసవిలో మా చెల్లెలి యింటికి న్యూయార్కు వెళ్లినపుడు సెంట్రల్ పార్కను నుద్యానవనమును జూచితిని. దాని విస్తీర్ణము 843 ఎకరములు. చెట్లును చెరువులును తమంత బుట్టినట్లే కన్పట్టునుగాని, ఓల్మ్‌స్టెడ్, వో అను నిరువురు 1858లో గీచిన పటము ననుసరించి కూర్చిన తోట యది.

అందు బెథెస్డా ఫౌంటెనుమీద రెక్కలు విప్పిన దేవదూత విగ్రహము గలదు. 1873లో ఆవిష్కరింపబడిన యా విగ్రహమును మలచినది ఎమ్మా స్టెబిన్స్ అను స్త్రీ. ఆ సంగతి విన్నతోడనే, చెల్లెలి కుమార్తెను పట్టుపరికిణీతో నచ్చట నిలిపి ఫోటో తీయించి మా యమ్మకు బంపవలెనని నాకు దోచెను. మరది కెమెరా స్టాండు నిలిపెను. నా గుండె దడదడ కొట్టుకొనెను. మా ప్రాంతమున నొకతోటలో స్టాండు దింపినంతనే కావలివాడు వచ్చి, "అనుమతిపత్రమేది?" యని గద్దించి, పిల్లలతోగూడ మమ్ము వెలుపలికి బంపిన యవమానమును నేనింకను మరువలేదు.

మరది నవ్వి, "వదినగారూ, ఇచ్చట భయములేదు. అందులకు మనదేశస్థుడే కారకుడు" అనెను.

వైనమిది. 2005లో రాకేశ్ శర్మ యను భారతీయ చలనచిత్రకారుడు ఈ నగరవీథిలో చేతికెమెరాతో చిత్రములు తీయుచుండగా పోలీసులు నిర్బంధించిరి. ఆయన తరువాత వ్యాజ్యము వేసెను. 2007లో రాజీ కుదిరి, నగరమువారు స్పష్టమైన నిబంధనలు వ్రాయుట కొప్పుకొనిరి. తీరా వారు మొదట వ్రాసిన దేమనగా: ఇద్దరు కలిసి యొకేచోట నరగంటకు మించి కెమెరా వాడినచో అనుమతియు, పదిలక్షల డాలరుల బీమాయు గావలెనట! బిడ్డను నవ్వించుటకే యరగంట పట్టునే! జనులు గగ్గోలు పెట్టగా దానిని విడిచి, 2008లో వేరు నిబంధనలు చేసిరి.

వాని ప్రకారము చేతికెమెరాకును స్టాండుకును అనుమతి యక్కరలేదు. దారి కడ్డుపడకున్న జాలును. బండ్లు, పెద్దదీపములు తెచ్చువారును, చోటంతయు తమకే కావలెననువారును మాత్రము అనుమతి పొంది, బీమా చూపవలెను. పెండ్లివారు 20 మందియైనచో ఉద్యానవనశాఖవారి పత్రము వేరుగా గావలెను. ఇది నాకు సబబుగనే తోచినది. నలుగురు నడచు తోటను ఒక్క పెండ్లివారు కట్టివేసిన మిగిలినవా రెక్కడికి బోవుదురు?

మేము నలభైనిమిషము లుంటిమి. ఎవరును "మీరెవ"రని యడుగలేదు. ఒక ముసలమ్మ కుక్కతో వచ్చుచు, మేము తీయుట చూచి, ముగియువరకు ఆగి నిలిచినది.

ఫోటోలో బిడ్డ కన్నులు మూసికొన్నది. మా యమ్మ దానినే గోడకు దగిలించినది.