తలనొప్పికి ప్రార్థన చేయమన్న సహోదరి



ఈ సంగతి మూడేళ్లుగా నా గుండెల్లో ఉంది. ఆ సహోదరి ఒప్పుకుంది గనుక పేరు చెప్పకుండా రాస్తున్నాను.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆమె వచ్చింది. ఏడో నెల నిండింది. "అయ్యగారూ, రెండు రోజుల నుండి తల పగిలిపోతోంది. కళ్ల ముందు మెరుపులు కనబడుతున్నాయి. ప్రార్థన చేయండి" అంది. నూనె రాసి ప్రార్థించాను. ఎండలో నడిచి వచ్చావు, కాసేపు పడుకో అమ్మా అన్నాను. ఆ రోజు ఆమె ఉపవాసం కూడా ఉంది. గర్భిణులు ఉపవాసం ఉండనక్కరలేదని నేనే ముందుగా చెప్పి ఉండవలసింది. ఆమెకు పెళ్లికి ముందు నుండే బీపీ ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అడగలేదు. రాహేలు దారిలో బిడ్డను కని కన్నుమూసిన సంగతి ఎన్నిసార్లు ప్రసంగించానో! నా ఎదుట కూర్చున్న స్త్రీ ముఖం మాత్రం చూడలేదు.

చూసింది నా భార్య. మంచినీళ్లు ఇస్తుంటే ఆమె చేతికి గాజులు బిగుసుకుపోయి ఉన్నాయి, ముఖం ఉబ్బి ఉంది. "బీపీ మాత్ర వేసుకుంటున్నావా?" అని అడిగింది. బిడ్డకు మంచిది కాదని ఎవరో చెబితే నెల కిందటే మానేసిందట! వెంటనే 108కి ఫోన్ చేశాం.

ఆస్పత్రిలో బీపీ 170/110. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి, మూడో రోజు ఆపరేషన్ చేశారు. పాప కిలో నాలుగు వందల గ్రాములు. నెల రోజులు అద్దాల పెట్టెలోనే ఉంది.

డాక్టరమ్మ నన్ను వరండాలో నిలబెట్టి చెప్పారు. దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు, ఐదో నెల దాటాక వస్తుంది. ఫిట్స్ దాకా పోతే మన పెద్దలు గుర్రపువాతం అనేవారు. ముందే బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. కొన్ని బీపీ మాత్రలు గర్భంలో పనికిరావన్నది నిజమే. కానీ వాటిని డాక్టరే మార్చి ఇవ్వాలి, మనంతట మనం ఆపేయకూడదు. 140/90 దాటినా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి రావాలి. కాన్పు తర్వాత కూడా రావచ్చట. ఇది నాకు అసలు తెలియదు.

ఇప్పుడు మన మందిరంలో బైబిలు పక్కన బీపీ మిషను ఉంది. కొందరు నవ్వారు, నవ్వనివ్వండి.

మొన్న ఆదివారం ఆ సహోదరి మళ్లీ వచ్చింది. ఇప్పుడు మూడో నెల. ఈసారి మొదటే ఆస్పత్రికి వెళ్లింది. బీపీ మాత్ర మార్చి, తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాసిచ్చారట. ముందు చెయ్యి చాపమన్నాను. 132/84. తర్వాత ప్రార్థించాం.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఈసారి మన సంఘం నుండి ముగ్గురు వెళ్లాలి. ఆటో ఉన్న సహోదరులెవరైనా ఉదయం ఎనిమిదింటికి రాగలరేమో, నాకు చెప్పండి.