రెండు రోజులకే ఊడిన రంగు

గోదావరిఖనిలో మా సింగరేణి క్వార్టర్ ముందు గదే అమ్మ పార్లర్. దసరా సెలవుల్లో ఇంటికెళ్తే అమ్మ ముఖం వాడిపోయి ఉంది. బతుకమ్మకని ఒకామెకి వేసిన జెల్ నెయిల్ పాలిష్ రెండు రోజులకే పెచ్చులుగా ఊడిందట. అడగకముందే డబ్బులు తిరిగిచ్చేసింది. "నాకిది రాదు బిడ్డా, ల్యాంప్ అమ్మేస్త" అంది.

నా ఇంగ్లీష్ మీడియం ఆ రోజు పనికొచ్చింది. సీసా మీది సన్న అక్షరాలు చదివాను. కోడ్ డీబగ్ చేసినట్టు, నా గోళ్ళ మీదే ఒక్కో వేలికి ఒక్కో తప్పు చేసి చూశాం. మందంగా వేస్తే పైన గట్టిపడింది, అడుగున పచ్చిగానే ఉంది. రంగు కాంతిని కిందికి పోనివ్వదు కదా! ఆల్కహాల్‌తో తుడవని గోరుకి నూనె జిడ్డు వల్ల అసలు పట్టలేదు. గోరు కొనని కప్పనిచోట అంట్లు తోమగానే లేచింది. చివర్లో మిగిలే జిగురు మాత్రం తప్పు కాదు. గాలిలోని ఆక్సిజన్ పై పొరని గట్టిపడనివ్వదు, తుడిస్తే పోతుంది.

ఉంగరపు వేలికి మాత్రం అన్నీ సరిగ్గా, పల్చగా రెండు పొరలు వేశాం.

నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన బాపు చూసి నవ్వాడు. ఆయన గోళ్ళ అంచుల్లో బొగ్గు ఎంత తోమినా పోదు.

హాస్టల్‌కొచ్చి పది రోజులు. ఆ వేలి రంగు అట్లనే ఉంది. అమ్మ రోజూ ఫొటో అడుగుతోంది. ల్యాంప్ ఊసు మళ్ళీ ఎత్తలేదు.