పాతదైపోయింది, అంతే!

2025 సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పటి సంగతి ఇది. తెనాలి స్టేషన్‌కి నాన్న కారేసుకుని వచ్చారు. మా కారంటే 2005 మార్చిలో కొన్న మారుతి 800. అప్పుడు నేను రెండో తరగతి. ఆ కారు వచ్చిన రోజు మా వీధి పిల్లలందరి ముందూ నేను వేసిన ఫోజులు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది :)

స్టేషన్ దాటామో లేదో, వెనకాల "టప్" మని ఒక చప్పుడు. పండగ కదా, ఎవరో టపాకాయ కాల్చారనుకున్నా. కాలవ వంతెన ఎక్కుతుంటే మళ్ళీ టప్... టప్. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఇంకోటి. రోడ్డు పక్క కుక్క ఒకటి లేచి పరిగెత్తింది.

"ఏంటి నాన్నా ఇది?"

"సర్వీసింగుకిచ్చి తెచ్చినప్పట్నుంచీ ఇంతేరా. అడిగితే సైలెన్సర్ పోయింది, 14 వేలవుతుందన్నారు. పాతదైపోయింది, అంతే. మార్చిలో ఆర్సీ రెన్యూవల్ ఉంది. దాని మీద ఇంకా డబ్బు పెట్టడం దేనికి, తుక్కుకిచ్చేద్దాం అనుకుంటున్నా."

పదిహేనేళ్ళు నిండాక 2020లో ఒకసారి రెన్యూ చేయించారు. అది అయిదేళ్ళకే కాబట్టి మళ్ళీ వచ్చిందన్నమాట. నాన్న మామూలుగానే చెప్పారు కానీ, ఇంటికెళ్ళేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

మనం ఇంజనీరింగ్ వెలగబెట్టాం కదా, ఊరుకుంటామా? భోగి రోజు పొద్దున్నే బానెట్ ఎత్తా. నెట్లో నాలుగు పేజీలు చదివి ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపా, థ్రాటిల్ తుడిచా, కనపడ్డ ప్రతి గొట్టాన్నీ లాగి బిగించా. స్టార్ట్ చేస్తే కాస్త తగ్గినట్టే అనిపించింది. నాన్న దగ్గర గొప్పలు కూడా పోయా. సాయంత్రం పాలకెళ్తుంటే వీధి చివర మళ్ళీ టప్!

కనుమ మర్నాడు మా పాత మెకానిక్ బాబాయ్ షెడ్డుకి తీసుకెళ్ళా. నేను చేసినవన్నీ ఉత్సాహంగా చెబితే, ఆయన బీడీ పక్కన పెట్టి ఒకటే అన్నాడు: "ఒకేసారి అన్నీ విప్పితే ఏది తగ్గించిందో, ఏది పెంచిందో నీకెలా తెలుస్తది బాబూ?" ఈ మాట మేం ఆఫీసులో జూనియర్లకి చెప్పేది. నాకే చెప్పించుకోవాల్సి వచ్చింది.

తర్వాత అడిగింది, "సర్వీసింగులో ఏం మార్చారు?" బిల్లు చూశాం. ఇంజినాయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, మూడు స్పార్క్ ప్లగ్గులు. అంతే.

ముందు సైలెన్సర్ సంగతి తేల్చాడు. ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, వెనక గొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టి, కింద జాయింట్ల దగ్గర చెవి పెట్టి విన్నాడు. చిల్లుంటే బుస్సుమని గాలి పోతుంది. ఎక్కడా లేదు. "గొట్టం బానే ఉంది. ఇంజనే మిస్సు కొడుతోంది" అన్నాడు.

అసలు ఆ పేలుడు ఎందుకొస్తుందంటే: ఒక సిలిండర్లో స్పార్క్ పడకపోతే అందులోని పెట్రోలూ గాలీ కాలకుండానే బయటికి పోతాయి. అవతల సైలెన్సర్ గొట్టం వేడిగా కాలుతూ ఉంటుంది. సిలిండర్లో అంటుకోవాల్సింది అక్కడ అంటుకుంటుంది. చప్పుడు వెనక, జబ్బు ముందు. బండి ఎత్తు ఎక్కేటప్పుడు స్పార్క్ పడటానికి వోల్టేజి ఎక్కువ కావాలి, అందుకే వంతెన మీద ఎక్కువ పేలేది. ఇలాగే కొన్నాళ్ళు నడిపితే ఆ మంట వేడికి కేటలిటిక్ కన్వర్టర్ లోపల కరిగి పోతుంది. అప్పుడు నిజంగానే వేలల్లో ఖర్చు. డ్యాష్‌బోర్డులో లైటు వెలగలేదే అనుకోవచ్చు. మిస్‌ఫైర్లని పట్టుకునే ఓబీడీ-2 మన దేశంలో కార్లకి తప్పనిసరి అయింది 2013లో. మాది దానికి చాలా ముందుది.

కొత్త ప్లగ్గులు బానే ఉన్నాయి. ఇక మిగిలినవి ప్లగ్ వైర్లు. కాలేజీ నాటి నా మల్టీమీటర్ తెచ్చి ఒక్కోటీ కొలిచాం. రెండు వైర్లు కిలో ఓముల్లో నిలకడగా చూపించాయి. మూడోది తిన్నగా ఉంటే సరిగ్గా చూపిస్తోంది, కాస్త వంచితే ఓపెన్! ప్లగ్గు మార్చిన కుర్రాడు రబ్బరు టోపీ పట్టుకుని తీయకుండా వైరు పట్టుకుని లాగేసుంటాడు, లోపల తెగింది అన్నాడు బాబాయ్. పైకి చూస్తే ఏమీ తెలీదు.

వైర్ల సెట్టు, కూలి కలిపి 850 రూపాయలు. తిరిగొస్తూ కావాలనే వంతెన మీంచి రెండుసార్లు తిప్పా. చప్పుడు లేదు.

ఇంతకీ ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పండక్కి బయల్దేరే ముందు వారమే ఆఫీసులో నేనూ ఒక 14 వేల సలహా ఇచ్చి వచ్చా. మా పాత సిస్టంలో రాత్రిపూట నడిచే జాబు ఒకటి కొత్త రిలీజు తర్వాత అప్పుడప్పుడూ పడిపోతోంది. "లెగసీ సిస్టం, ఇది మామూలే" అని రాసి టికెట్ మూసేశా. అది పడిపోయినప్పుడల్లా రాత్రి రెండింటికి లేచి మళ్ళీ నడిపిస్తున్నది మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి. నేను హాయిగా నిద్రపోయా.

తిరిగెళ్ళాక టికెట్ మళ్ళీ తెరిచి, ఆ రిలీజులో ఏం మారిందో వరసగా చూశా. 30 సెకన్లుండాల్సిన టైమవుట్ 3 అయి ఉంది. మార్చిందెవరా అని చూస్తే నా పేరే. అమ్మాయికి సారీ చెప్పా. "పర్లేదండీ" అంది కానీ, పర్లేదన్నట్టు లేదు మొహం. ఉండదు కూడా.

చివరి మార్పే ప్రతిసారీ దోషి అని కాదు నా ఉద్దేశం. వెతకడం అక్కడ మొదలెట్టాలి, ఒక్కోటీ తీసేస్తూ రావాలి. "పాతదైపోయింది" అనేది వయసు చెప్పడమేగానీ జబ్బు చెప్పడం కాదు. ఆ మాట అనేసి వెతకడం మానేస్తాం, ఖర్చో నిద్రలేమో ఇంకెవరి మీదో పడుతుంది.

అన్నట్టు, మార్చిలో ఆర్సీ రెన్యూ అయింది. నాన్న ఫోన్ చేసి, "ఇంకో అయిదేళ్ళిచ్చారురా" అన్నారు. కారు గురించే అన్నారనుకుంటా.