మర చెడిన రంధ్రము

ఇనుపపనితో స్త్రీలకేమి పనియని తలంపవలదు. 1916–22 నడుమ కట్టబడిన పోచారము జలాశయపు నీట వరి పండించు మా యెల్లారెడ్డి ప్రాంతమున ట్రాక్టరు నిలిచినచో నింటి లెక్కయే తప్పును.

మొన్నటి నాట్ల వేళ మా ట్రాక్టరు ఇంజినుపై సైలెన్సరు గొట్టమును బిగించు మానిఫోల్డులో నొక రంధ్రపు మర యరిగిపోయెను. బోల్టు పట్టదయ్యెను, సందునుండి పొగ వెడలి నడుపువాని మొగమునకు గొట్టుచుండెను. మళ్లలో నీరున్నది, నారు ముదురుచున్నది, కూలివారితో మాట యైనది. క్రొత్తది కొనుడని కొందఱు, లావుపాటి బోల్టు దిగగొట్టుడని కొందఱు చెప్పిరి. పోత యినుము పెళుసు. బలవంతము చేసినచో బీటవాఱును.

దానిని విప్పి కామారెడ్డికి గొంపోతిమి. అచ్చటి వృద్ధుడైన మెకానిక్కు చూచి, "చూడీ పోయిందమ్మా, మానిఫోల్డు మంచిగనే ఉన్నది" అనెను. ఉర్దూలో చూడీ యనగా గాజు; మర చుట్టులకును నదియే పేరు. ఆయన యా 8 మిల్లీమీటర్ల బోల్టు రంధ్రమును 8.3 మిల్లీమీటర్ల బరమాతో నిలువుగా దొలిచి, ఇనుపరజను దులిపి, తగిన టాప్‌తో క్రొత్త మర కోసి, అందులో నుక్కుతీగ చుట్టను గాజు తొడిగినంత నేర్పుగా దింపెను. మునుపటి కొలత బోల్టే దానిలో బిగిసెను. క్రొత్త మానిఫోల్డు ఖర్చు తప్పెను. మఱునాడే దమ్ము సాగెను.

ఆయన చెప్పిన జాగ్రత్త మన వంటయింటికిని జెల్లును. కుక్కరు పిడి మరనైనను మొదట వ్రేళ్లతోనే త్రిప్పవలెను. అడ్డు తగిలినచో వెనుకకు దీసి, తిన్నగా నిలిపి, మరల త్రిప్పవలెను. పనిముట్టు పట్టవలసినది కడపటి బిగింపునకు మాత్రమే.