ఆల్కో పొగ, మావయ్య చెవులు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా మావయ్యకి లాప్‌టాప్‌లో ఒక పాత వీడియో పెట్టాను. డబ్ల్యూడీఎమ్-2 ఇంజన్ స్టేషన్లోంచి బయల్దేరుతూ ఆకాశమంతా నల్లగా చేసేస్తుంది. నాలాంటి రైలు పిచ్చోళ్ళకి అంతకంటే పండగేముంటుంది! మావయ్య కాసేపు చూసి, "ఆ టర్బో సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదే అల్లుడూ" అన్నారు.

నాకు అందంగా కనబడింది కాస్తా ఆయనకి కంప్లయింటుగా కనబడిందన్నమాట.

మావయ్య ముప్ఫై ఏళ్ళకి పైగా డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేశారు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆయనకి క్యారేజీ పట్టుకెళ్ళడం నా డ్యూటీ. గేటు దాకా వెళ్ళకముందే కాళ్ళ కింద నేల అదిరేది. డీజిలూ లూబ్ ఆయిలూ కలిసిన వాసన, ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదోనని అలాగే వదిలేసిన ఇంజన్ల గుడగుడ... ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అక్కడే ఉంటాను.

ఈ ఇంజన్ కథ మన ఫీల్డు వాళ్ళకి బాగా అర్థమవుతుంది. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, డిజైన్ అమెరికాలోని ఆల్కో వాళ్ళది. 1962లో మొదటివి అక్కణ్ణుంచే వచ్చాయి. 1964 నుంచి వారణాసి డీఎల్‌డబ్ల్యూలో తయారయ్యాయి. 1969లో ఆల్కో రైలింజన్ల తయారీ మానేసింది. మనవాళ్ళు మాత్రం అదే డిజైన్ని సాగదీసి, మార్చి, దశాబ్దాల పాటు నడిపారు. ఒక్క డబ్ల్యూడీఎమ్-2లే రెండున్నర వేలకి పైగా తయారయ్యాయి. వెండర్ దుకాణం మూసేసినా ప్రొడక్షన్లో నడుస్తూనే ఉన్న లెగసీ సిస్టమ్ అది!

ఇక పొగ సంగతి. డ్రైవర్ నాచ్ పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ వెంటనే ఎక్కువ వెళ్తుంది. గాలిని తోసే టర్బో మాత్రం ఇంజన్ వదిలే వేడి వాయువుల మీద తిరుగుతుంది కాబట్టి అది ఊపందుకోడానికి టైము పడుతుంది. ఈలోగా గాలి చాలక సరిగా కాలని ఇంధనమే మనం ఫోటోలు తీసుకున్న ఆ నల్ల పొగ. టర్బో బాగోకపోతే ఇంకా ఎక్కువ.

మావయ్య డీబగ్గింగ్ వేరేగా ఉండేది. ఇంజన్ పక్కన ఒక్క నిమిషం నిలబడి, "ఒకటి మిస్ కొడుతోంది" అనేవారు. తర్వాత ఇంధనం వెళ్ళే సన్నపైపుల మీద ఒక్కోదాని మీదా చెయ్యి పెట్టుకుంటూ వెళ్ళేవారు. నాడి సరిగ్గా కొట్టుకోని పైపు దగ్గర ఆగేవారు. డాక్టరు చెయ్యి పట్టుకున్నట్టే. ఇదంతా ఏ మాన్యువల్లోనూ చదివి నేర్చుకోలేదు, పెద్ద ఫిట్టర్ల వెనక తిరిగి నేర్చుకున్నారు.

2018లో వారణాసిలోనే పాత డీజిల్ ఇంజన్ని ఎలక్ట్రిక్‌గా మార్చినప్పుడు మా రైలు మిత్రులు చాలామంది బాధపడ్డారు. 2020లో ఆ ఫ్యాక్టరీ పేరు బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయ్యింది, పేరులోంచే డీజిల్ పోయింది. చాలా డీజిల్ షెడ్లలో ఇప్పుడు ఎలక్ట్రిక్ ఇంజన్లు చూస్తున్నారు. "వీటికి ప్రాణం లేదు" అని నేనూ అన్నాను. ఇప్పుడు అననులెండి.

ఎందుకంటే ఆ రోజు వీడియో అయిపోయాక మావయ్య, "సౌండు పెట్టలేదేరా?" అన్నారు.

లాప్‌టాప్ ఫుల్ వాల్యూమ్‌లో ఉంది. పక్కగదిలోంచి అత్తయ్య ఆ గోల ఆపమని అప్పటికే రెండుసార్లు కేకేసింది.

పదహారు సిలిండర్లలో ఏది తప్పుతోందో కనిపెట్టిన చెవులవి. ఆ శబ్దమే వాటిని తినేసింది. నేను గేటు దగ్గర పావుగంట నిలబడి మురిసిపోయిన చప్పుడులో ఆయన ముప్ఫై ఏళ్ళున్నారు.

ఇంజన్లని మ్యూజియంలో పెట్టొచ్చు, పెట్టాలి కూడా. పొగ పోయినందుకు మాత్రం నాకిప్పుడు దిగులు లేదు. నా దిగులల్లా కేటీ తీసుకోకుండా పోతున్న మనుషుల గురించే. ప్రాజెక్టు వదిలి వెళ్ళేవాడి దగ్గర నెల రోజులు కూర్చుని అన్నీ రాసుకునే మనం, ఇంట్లో ఉన్నవాళ్ళని ఒక్క గంట అడిగామా?

మర్నాడు మావయ్య పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. ప్రశ్నలన్నీ గట్టిగా అరిచి అడగాల్సొచ్చింది. ఆయన మాత్రం జవాబులు నెమ్మదిగానే చెప్పారు. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి.