దారి తప్పిన ఇరవై మూడు నిమిషాలు

"ఓరియంటీరింగ్ పోటీకి వెళ్తున్నాం, రెండు రోజులు సెలవు కావాలి సార్" అని చీటీ పట్టుకెళ్తే మా మాస్టారొకరు కళ్ళజోడు పైకి జరిపి, "ఓరియంటల్ కాలేజీ వాళ్ళ పోటీలకి నువ్వెందుకోయ్? నీకు సంస్కృతం వచ్చునా?" అని అడిగారు. హాస్టల్లో మిత్రులేమో ఇది కొత్తగా చేరినవాళ్ళకి పెట్టే ఓరియంటేషన్ కాబోలనుకున్నారు. కనుక అసలు కథలోకి వెళ్ళేముందు ఈ ఆట ఏమిటో నాలుగు ముక్కల్లో చెప్పడం నా ధర్మం.

చేతికి ఒక మ్యాపు, ఒక దిక్సూచి ఇస్తారు. మ్యాపు మీద ఊదారంగు వలయాలుంటాయి, వాటికి వరస నెంబర్లుంటాయి. ఒక్కొక్క వలయం నడుమ, నిజం నేల మీద, ఒక జెండా వేలాడుతూ ఉంటుంది. 30 సెంటీమీటర్ల చదరపు పలకలు మూడు కలిపి కుట్టినట్టుంటుంది, సగం తెలుపు, సగం నారింజ. దాన్ని వెతికి పట్టుకుని, పక్కన కట్టిన సూదుల పంచితో మన కార్డు మీద గుర్తు వేసుకుని, తర్వాతి జెండాకి పరిగెత్తాలి. ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. సెల్‌ఫోన్లు ముందే కవర్లో పెట్టి సీలు వేస్తారు. ఈ ఆట పుట్టింది చలిదేశాల్లో. 1897 లో నార్వేలో జనం కోసం మొదటి పోటీ జరిగింది. 1919 లో స్వీడన్‌లో ఎర్నెస్ట్ కిలాండర్ అనే ఆయన స్టాక్‌హోం దగ్గర పెద్ద ఎత్తున నడిపించాడు. 1961 లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. మేం వెళ్ళింది జట్ల పోటీకి. నలుగురూ ప్రతి జెండా దగ్గరా కలిసే ఉండాలి, నాలుగోవాడు గీత దాటినప్పుడే గడియారం ఆగుతుంది. అంటే ఒక్కడు ఎంత వేగంగా పరిగెత్తినా లాభం లేదు, ఒక్కడు తప్పు చేస్తే మాత్రం నలుగురికీ నష్టం.

ఇక మా జట్టు. లెక్కల మిత్రుడొకడు, కాలేజీ క్రాస్‌కంట్రీలో పరిగెత్తేవాడు. కెమిస్ట్రీ మిత్రుడొకడు, మెస్సులో మూడోసారి పెరుగన్నం కలుపుకుంటే గాని లేవనివాడు. "మావా, నడుం తగ్గించుకోడానికి వస్తాను" అని చేరాడు. బోటనీ రెండో ఏడాది చెల్లెలొకామె, అరకు వైపు నుంచి వచ్చింది, మాటలు తక్కువ, కాళ్ళు గట్టివి. పోటీ రోజులకే వాళ్ళ క్లాసు టూరు పడితే, అది మానుకుని మాతో వచ్చింది. నాలుగోవాణ్ణి నేను. జియాలజీ వాణ్ణి కనుక మ్యాపు నీ చేతిలోనే ఉండాలని ముగ్గురూ తీర్మానించారు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే లోపల్లోపల సంతోషించాను.

నేను జియాలజీలో చేరడానికి కారణం మా పొలం. మాది విజయనగరం జిల్లాలో ఒక మెట్ట ఊరు, రెండున్నర ఎకరాలు. 2019 వేసవిలో మా నాన్న వేయించిన బోరులో చుక్క నీరు పడలేదు. భూమి లోపల ఏముందో చెప్పే చదువొకటి ఉంటుందని అప్పుడు ఎవరో అంటే విన్నాను. ఆ బోరు సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది, పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

రెండు నెలలు సాధన చేశాం. పొద్దున్న అయిదింటికి మాధవధార చేరుకుని, భక్తులు సింహాచలం కొండెక్కే మెట్ల దారిన పైకి పరుగు. మొదటి వారం మా కెమిస్ట్రీ మిత్రుడు పది మెట్లకోసారి కూర్చుని దేవుణ్ణి తలుచుకున్నాడు. రెండో నెలకి కూర్చోవడం మానేశాడు, తలుచుకోవడం మానలేదు. ఆదివారాలు మ్యాపు పాఠం. మా ఫిజికల్ డైరెక్టరు గారు ఒకప్పుడు ఎన్.సి.సి.లో మ్యాపు రీడింగు నేర్చుకున్నవారు. ఆయన చెప్పిన మొదటి మాట ఇది: "నేలని చూసి మ్యాపు చదవండి. మ్యాపు చూసి నేలని ఊహించుకోకండి." మేం బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నాం.

మొదటి రోజే నవ్వులపాలయ్యాను. ఆయన స్కూటరుకి ఆనుకుని దిక్సూచి చూసి, ఉత్తరం ఇటు అని ధీమాగా చెయ్యి చూపించాను. తీరా చూస్తే అది సముద్రం వైపు. ముల్లు ఉత్తరాన్ని వదిలి స్కూటరు ఇనుము వైపు తిరిగింది! రంగుల దగ్గర రెండో పొరపాటు. మా డిపార్ట్‌మెంటులో వాడే సర్వే ఆఫ్ ఇండియా షీటులో పచ్చరంగంటే అడవి. ఈ ఆట మ్యాపులో అడవి తెల్లగా ఉంటుంది, అంటే హాయిగా పరిగెత్తవచ్చునని. పచ్చన ముదిరిన కొద్దీ పొద దట్టమని అర్థం. తెలుపంటే ఖాళీ నేల కాబోలని నేను జట్టుని ఎన్నో ముళ్ళలో నడిపించాను. తర్వాత అడుగులు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. కుడికాలు మోపినప్పుడల్లా ఒకటి చొప్పున లెక్కపెడితే, చదును మీద 100 మీటర్లకి నాకు 62 పడతాయి, ఎక్కుడులో 80 దాటతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది బొటనవేలు. మ్యాపు మడిచి, మనం ఉన్న చోట బొటనవేలు ఆనించి, నడిచిన కొద్దీ దాన్ని జరుపుకుంటూ పోవాలి. వేలు ఎక్కడుందో మనిషీ అక్కడే ఉండాలి.

పోటీ 2024 డిసెంబరులో. భీమిలి రోడ్డుకి పడమట జీడితోటలూ సరుగుడు తోటలూ ఉన్న ఒక కొండవాలు మీద జరిగింది. 16 జట్లు, 9 జెండాలు, 3 గంటల గడువు. మ్యాపు స్కేలు 1:10,000, అంటే సెంటీమీటరుకి 100 మీటర్లు. మొదటి మూడు జెండాలు 41 నిమిషాల్లో కొట్టేశాం. మూడో దాని దగ్గర కూర్చున్న కార్యకర్త తన కాగితం చూసుకుని, "ఇంతవరకూ మీకన్నా ముందు రెండే జట్లు" అన్నాడు. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదేమో అని ఇప్పుడనిపిస్తుంది.

నాలుగో జెండా ఒక వాగు మొదట్లో ఉంది. రెండు గుట్టల నడుమ పల్లం దాటాక, రెండో కొండకొమ్ము వెంబడి దిగాలి. నేను మొదటి కొమ్ము దగ్గరే దిగాను. తొందరలో అడుగులు లెక్కపెట్టలేదు. దిగుతున్నప్పుడు ఎడమ వైపు ఒక బండిబాట కనిపించాలని మ్యాపు చెబుతోంది. బాట లేదు. "వానలకి పూడిపోయి ఉంటుంది" అన్నాను. కొంత దూరం పోయాక ఒక జీడితోట అడ్డం వచ్చింది. మ్యాపులో తోట లేదు. "ఈమధ్య వేసుంటారు" అన్నాను. జీడిచెట్లేమో నా నడుమంత లావున్నాయి! ఇంకా దిగితే వాగు కనిపించింది. అది తూర్పుకి పోతోంది, మ్యాపులో వాగు ఉత్తరానికి పోతుంది. "ముందు మలుపు తిరుగుతుందిలే" అన్నాను. బొటనవేలు మాత్రం మ్యాపు మీద నాలుగో వలయం వైపు దర్జాగా జరుగుతూనే ఉంది. మనుషులం నలుగురం ఇంకో చోట ఉన్నాం.

ఇక్కడ ఒక నిజం రాయాలి, దీనికోసమే ఈ వ్యాసం. బాట కనిపించనప్పుడే నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసిపోయింది. కడుపులో చల్లగా అయింది. అయినా నోరు పెగల్లేదు. మ్యాపు నా చేతిలో ఉంది, నేను జియాలజీ వాణ్ణి, మూడో స్థానంలో ఉన్నాం, వెనక ముగ్గురు నన్ను నమ్మి వస్తున్నారు. ఇంకో వంద మీటర్లు పోతే ఏదైనా కలిసిరాకపోతుందా అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో వంద. చివరికి వాగులో బండ మీద నిలబడి, "తప్పాను. మనం ఎక్కడున్నామో నాకు తెలీదు" అన్నాను. గడియారం చూస్తే 23 నిమిషాలు పోయాయి.

ఎవరూ ఏమీ అనలేదు. తప్పినప్పుడు, ఖాయంగా తెలిసిన ఆఖరి చోటికి వెనక్కి పోవాలన్నది ఈ ఆటలో పెద్ద సూత్రం. మళ్ళీ పల్లం దాకా ఎక్కాం. అదో 14 నిమిషాలు. అక్కణ్ణించి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతే జెండా అయిదు నిమిషాల్లో దొరికింది, ఇంత సులువుగా ఉన్నానే అన్నట్టు గాలికి ఊగుతూ. ఆరో జెండా దగ్గర కెమిస్ట్రీ మిత్రుడికి పిక్క పట్టేసింది. లెక్కల మిత్రుడు అతని సంచీ కూడా తగిలించుకున్నాడు. అందరం కలిసి 2 గంటల 46 నిమిషాలకి గీత దాటాం. పదకొండో స్థానం. మూడో స్థానం వచ్చిన జట్టు సమయం 2 గంటల 12 నిమిషాలు. కూడికా తీసివేతా మీకే వదిలేస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కెమిస్ట్రీ మిత్రుడు, "పోనీలేరా మావా, రెండంగుళాలు తగ్గాను" అని బెల్టు కొత్త చిల్లు చూపించాడు. లెక్కల మిత్రుడు రాత్రి దాకా నాతో మాట్లాడలేదు, అతని తప్పు లేదు. హనుమంతవాక దగ్గర బస్సు ఆగినప్పుడు బోటనీ చెల్లెలు మెల్లగా అంది: "బాట కనిపించనప్పుడే నాకూ తేడాగా అనిపించింది అన్నయ్యా. కానీ మీరు అంత గట్టిగా చెబుతుంటే, మీకు తెలిసే ఉంటుందిలే అని ఊరుకున్నాను."

టూరు మానుకుని వచ్చిన పిల్ల. నా గొంతులోని ధీమాయే ఆమె నోరు మూయించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను కొండ మీద చేసిన పని నాకు కొత్తది కాదని అప్పుడు తట్టింది. మన లాబుల సంగతి తెలియనిదెవరికి? లోలకం కట్టి g విలువ కనుక్కోమంటే, 20 డోలనాలు లెక్కపెట్టే ఓపిక లేక, 980 దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టి రీడింగులు 'వండడం' మనకి వెన్నతో పెట్టిన విద్య. గ్రాఫు మీద ఒక చుక్క గీతకి దూరంగా పడితే పాపం దాన్ని కాస్త దగ్గరికి జరుపుతాం. లాబులో చుక్కలు జరుగుతాయి, మార్కులూ పడతాయి. కొండ జరగదు. నేను చెప్పిన మూడు సాకులూ, పూడిన బాటా, కొత్త తోటా, మలుపు తిరిగే వాగూ, వండిన రీడింగులే. తేడా ఒకటే, ఈసారి జెండా అక్కడ లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళాను. కనుమనాడు కళ్ళంలో కూర్చుని ఉంటే మా నాన్న, "పందెం ఏటయిందిరా?" అని అడిగాడు. పదకొండో స్థానం అని ఊరుకుందామనుకున్నాను. కానీ మొత్తం చెప్పేశాను, బాట దగ్గర్నుంచి బండ దాకా.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పొలం మూల వైపు చూశాడు. అక్కడ ఆ బోరు పైపు మూతి మీద బోర్లించిన మట్టికుండ ఇప్పటికీ ఉంది. 2019 లో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే ఒకాయన ఆ చోటు చూపించాడు. రిగ్గు దిగింది. 200 అడుగుల దాకా ఊరంతా నిలబడి చూసింది. లోపల్నుంచి తడి లేదు, తెల్లటి రాతిపిండే ఎగజిమ్మింది. "ఇంకో ఏభై" అన్నాడు నాన్న. ఆ తర్వాత మరో ఏభై. అలా 420 అడుగులు. గేదెనీ దూడనీ అమ్మాం, మిగిలింది వడ్డీకి తెచ్చాం. ఆ బాకీ 2023 లో తీరింది. మా కొండల కింద రాయి మెత్తబడిన పైపొరలోనూ, పగుళ్ళలోనూ మాత్రమే నీళ్ళుంటాయనీ, లోతుకి పోయిన కొద్దీ పడతాయన్న భరోసా లేదనీ నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను.

"రెండొందల అడుగులకాడే నాకు తెలిసిపోనాదిరా" అన్నాడు నాన్న. "అందరూ నిలబడి సూస్తన్నారు. ఆపెయ్ మనడానికి నోరు రాలేదు." కాసేపాగి, "నువ్వు ఇరవై మూడు నిమిషాలకే అనేశావు" అన్నాడు.

అది మెచ్చుకోలో, బాధో నాకు అర్థం కాలేదు. ఆరేళ్ళలో ఆ బోరు గురించి మా ఇంట్లో ఎవరూ ఎత్తిన మాట కాదది. అమ్మ వాకిట్లోంచి వింటోంది. ఆమె కూడా ఏమీ అనలేదు, మా ఇద్దరికీ టీ తెచ్చిచ్చి అక్కడే కూర్చుంది.

తప్పడం నేరం కాదు మిత్రులారా. కొండ మీద గెలిచిన జట్టు కూడా రెండు చోట్ల తప్పిందట. వాళ్ళు తప్పిన నిమిషానికే ఆగారు, మేం 23 నిమిషాలకి ఆగాం. మాకూ వాళ్ళకీ ఉన్న దూరం అంతే.

మళ్ళీ పోటీకి అదే నలుగురం పేర్లు ఇచ్చాం. ఈసారి మ్యాపు బోటనీ చెల్లెలి చేతిలో ఉంటుంది. నేను అడుగులు లెక్కపెడతాను, తేడా అనిపిస్తే అప్పుడే అరుస్తాను. అన్నట్టు, సెలవులయ్యాక మొదటి ప్రాక్టికల్లో మాకు క్వార్ట్జ్ విశిష్ట సాంద్రత కనుక్కోమన్నారు. పుస్తకంలో 2.65. నాకు 2.81 వచ్చింది. రికార్డులో 2.81 అనే రాశాను. మాస్టారు ఎర్రసిరాతో "మళ్ళీ చేయుము" అని రాశారు.

మళ్ళీ చేశాను.