అమ్మ ఎక్కించిన పాటలు

వస్తువు పోవుట వేఱు, కనబడకుండుట వేఱు. ఇంట తాళపుచెవి వెదకునపుడు ఈ భేదము మనకు తెలియును గాని, కంప్యూటరులో ఫైలు కనబడనిచో వెంటనే పోయినదనియే యెంచుదుము.

మా నాయనమ్మకు మంగళహారతులు, అప్పగింతల పాటలు లెక్కకు మిక్కిలిగా వచ్చును. ఆమె చదువుకొన్నది కాదు. 2004లో మా అమ్మ ఆమెను ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క పాటయే పాడించి కంప్యూటరులో ఎక్కించెను. నాయనమ్మ 2009లో కాలము చేసెను. పిదప కంప్యూటరు మారెను. పాత డిస్కులోని దంతయు క్రొత్తదానిలోనికి దింపితిమి. గత సంవత్సరము మా చెల్లెలి వివాహమునకు అప్పగింతల పాట కావలసివచ్చి చూడగా, పాటల ఫైలు కానరాలేదు. “గౌరి” యని వెదకితిమి. “హారతి” యని వెదకితిమి. ఒక్కటియు లేదని యంత్రము బదులు చెప్పెను. అమ్మ ఆ పూట అన్నము ముట్టలేదు.

యంత్రము అసత్యమాడలేదు. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములను ప్రత్యేకించెను. అందు “అ” యను అక్షరము 3077వ సంఖ్య. ఏ కంప్యూటరులోనైనను అదియే. అమ్మ వాడిన పాత ఫాంటు అట్టిది కాదు. అది ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలనే తీసికొని, వానికి తెలుగు రూపములను తొడిగెను. కంటికి తెలుగే, యంత్రమునకు మాత్రము ఇంగ్లీషు! ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. ఆ కాలమున ఎన్నియో తెలుగు పుస్తకములు ఇట్లే అచ్చయినవి.

మాటతో దొరకనిదానిని తేదీతో వెదకవచ్చును. ఫైలును వేఱొకచోటికి నకలు చేసినను, దానిని కడపట సవరించిన తేదీ సాధారణముగా మారదు. కావున 2004 నాటి ఫైళ్లను మాత్రమే వరుసగా పేర్చి చూచితిమి. ఫొటోలు, ఇంటి లెక్కలు, వాని నడుమ “ఎమ్.హెచ్. 2” అను ఫైలు. తెఱచి చూడగా ఇంగ్లీషు అక్షరములు, గీతలు, చుక్కలు కలగలిసి యున్నవి. చెడిపోయినదని చెల్లెలు దానిని తీసివేయబోగా అమ్మ చేయి పట్టుకొనెను.

“ఉండవే! వరుసలు చూడు. పైన పల్లవి, క్రింద మూడేసి చరణాలు. ఇవి పాటలే!”

విజయవాడలో అచ్చుపని చేయు బంధువొకరు పాత ఫాంటును పంపిరి. దానిని ఎక్కించినతోడనే పుటయంతయు తెలుగై నిలిచెను. మొత్తము 41 పాటలు. ఒక అప్పగింతల పాట క్రింద అమ్మ నాడు వ్రాసికొన్న మాట యిట్లున్నది: “మూడవ చరణము అత్తయ్యకు జ్ఞాపకము రాలేదు. మరల అడుగవలెను.”

అమ్మ కొంతసేపు దానినే చూచుచు కూర్చుండెను. పిదప “వదినకు వచ్చునేమో!” యని మా మేనత్తకు ఫోను చేసెను.